వాగు మీది గూళ్ళు, బావి మీది గూళ్ళు: ఒక వానాకాలం లెక్క

జూన్ 9, 2024

మృగశిర కార్తె వచ్చేసింది, మొదటి వాన కూడా పడింది. చిన్నప్పటి నుంచి ప్రతి వానాకాలం మా పొలం బావి మీద గిజిగాళ్ళు గూళ్ళు కట్టడం చూస్తూనే ఉన్నాను, కానీ ఎన్ని గూళ్ళు కట్టాయి, ఎన్నింట్లోంచి పిల్లలు బయటికొచ్చాయి, వాన ఎక్కువైతే ఏమవుతుంది, తక్కువైతే ఏమవుతుంది అని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక్క అంకె కూడా లేదు. ఈసారి రాసి పెట్టాలని నిర్ణయించుకున్నా. ఖమ్మంలో ఉంటాను, ఊరు బండి మీద గంటలోపే. వారానికి మూడు రోజులు వెళ్తాను. మిగతా రోజులు వాన కొలత పిన్ని కొడుకు రాస్తానన్నాడు.

రెండు చోట్లు ఎంచుకున్నా. ఒకటి మా వ్యవసాయ బావి, దాని మీదికి వంగిన మూడు ఈతచెట్లు. రెండోది అక్కడికి అర కిలోమీటరు దూరంలో వాగు ఒడ్డు, అక్కడ నీళ్ళ మీదికి వాలిన పెద్ద తుమ్మచెట్టు, పక్కన ఒక ఈత. రెండు చోట్లా ఏటా గూళ్ళు ఉంటాయి. ఒకే ఊరు, ఒకే వాన, అవే పురుగులు, అదే గడ్డి. తేడా అంతా గూటి కింద ఏముందనే దగ్గరే.

వాన కొలతకు ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, దాని మీద 20 సెంటీమీటర్ల వెడల్పు గరాటు. గరాటు నోటి వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు వస్తుంది కాబట్టి 1 మి.మీ. వానకు డబ్బాలో 31.4 మిల్లీలీటర్ల నీళ్ళు చేరతాయి. కొలజాడీలో పోసి 31.4తో భాగిస్తే సరి. వాతావరణ శాఖ లెక్క ఉదయం 8:30కి కాబట్టి మేమూ ఆ టైముకే తీస్తాం. గరాటు పక్కన చెట్టు నీడ గానీ గోడ గానీ లేకుండా చూసుకోవాలి, దానికే ఒక పూట పట్టింది.

ఒక నియమం మొదట్లోనే పెట్టుకున్నా: పిట్టలున్న గూటిని ముట్టుకునేది లేదు, కొమ్మ వంచి చూసేది లేదు, గొట్టంలోకి కెమెరా పెట్టేది లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవి పిట్టల గుడ్లు పాడుచేయడం, గూళ్ళను కదిలించడం వేట కిందికే వస్తుంది. చట్టం సంగతి అలా ఉంచినా, మనం చూడటం వల్లే ఒక గూడు పోతే ఇక ఆ లెక్కకు అర్థమేముంది. 25 మీటర్ల దూరంలో గొడుగు, ప్లాస్టిక్ స్టూలు, బైనాక్యులర్, నోటుబుక్కు. అంతే.

జూన్ 23

రెండు వారాలుగా వాన లేదు, డబ్బాలో మొత్తం కలిపి 11 మి.మీ. కూడా పడలేదు. మగ పిట్టల తల పసుపు రంగు తిరిగింది, ముఖం మీద నల్లటి ముసుగు వచ్చింది, ఈతమట్టల మీద గుంపుగా వాలి ఒకటే అరుపులు, కానీ ఒక్కటి కూడా ఒక్క పోగు కట్టలేదు. కట్టడానికి వాటికి పచ్చి ఆకు కావాలి. రెల్లు ఆకో, జొన్న ఆకో, వరి ఆకో మొదట్లో ముక్కుతో చిన్న గాటు పెట్టి, అంచు పట్టుకుని ఎగిరిపోతాయి, ఆ ఊపుకు ఆకు పొడుగునా సన్నటి పోగు చీలి వస్తుంది. గట్టు మీద గడ్డి ఇంకా జానెడు కూడా లేదు. ఎండిన ఆకు చీల్చబోతే మధ్యలోనే తెగుతోంది, ఒక మగ పిట్ట వరసగా నాలుగు సార్లు ప్రయత్నించి వదిలేయడం చూశాను.

ఇది చూస్తుంటే నెదర్లాండ్స్ పిట్టల సంగతి గుర్తొచ్చింది. అక్కడ పైడ్ ఫ్లైక్యాచర్ అనే చిన్న పిట్ట పశ్చిమ ఆఫ్రికాలో చలికాలం గడిపి వసంతంలో తిరిగొచ్చి గూడు పెడుతుంది. బయల్దేరే వేళను పగటి పొద్దు పొడుగు చూసి తేల్చుకుంటుంది. కానీ వేడి పెరిగి అక్కడి చెట్ల మీద గొంగళిపురుగులు ముందే వచ్చి ముందే పోతున్నాయి. పిల్లలకు మేత కావాల్సిన రోజులకు పురుగులు ఉండవు. పురుగులు బాగా ముందుకు జరిగిన అడవుల్లో రెండు దశాబ్దాల్లో ఆ పిట్టల సంఖ్య సుమారు 90 శాతం పడిపోయిందని 2006లో పరిశోధకులు రాశారు. మన గిజిగాడి తీరు వేరు. ఇది క్యాలెండరు పట్టుకుని కూర్చోదు, వాన కోసం, గడ్డి కోసం ఆగుతుంది. ఆగగలగడం మంచిదే. కానీ ఎన్నాళ్ళని ఆగుతుంది? వాన ఆలస్యమైన కొద్దీ మొదటి విడత పిల్లలు ఆలస్యం, రెండో విడతకు రోజులు చాలవు.

జూలై 6

ఆరుద్ర చివర్లో వాన పట్టుకుంది. గట్టు మీద రెల్లు మోకాలి ఎత్తుకొచ్చింది. ఇవాళ బావి మీద నాలుగు గూళ్ళు మొదలై ఉన్నాయి! మొదట మట్ట కొసకు ముడి, తర్వాత ఒక రింగు, ఆ రింగు మీద పైకప్పు. వేలాడే హెల్మెట్‌లా ఉంటుంది కాబట్టి దీన్ని హెల్మెట్ దశ అంటారు. ఇంతవరకు కట్టి మగ పిట్ట ఆగుతుంది, రెక్కలు ఆడిస్తూ ఆడ పిట్టలను పిలుస్తుంది. ఆడది వచ్చి లోపల దూరి, పోగులు లాగి చూసి, నచ్చితేనే మిగతాది పూర్తవుతుంది: గుడ్ల గది, కింద పొడుగాటి గొట్టం. నచ్చకపోతే ఆ గూడు అలా సగంలోనే ఆగిపోతుంది. ఇక్కడ ఆడపిట్టదే చివరి మాట. ఒక ఆడది కుదురుకున్నాక మగ పిట్ట పక్కనే ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడదాన్ని పిలుస్తుంది. పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ ఈ పద్ధతిని గమనించి 1931లోనే రాశారు.

ప్రతి గూటికి పేరు పెట్టా: బావివి బా-1, బా-2 అలా, వాగువి వా-1, వా-2. దిక్సూచితో ఏ దిక్కున ఉందో కూడా రాస్తున్నా. ఇప్పటికి నాలుగూ చెట్టుకు తూర్పు వైపే. నైరుతి గాలి పడమటి నుంచి కొడుతుంది కాబట్టి చెట్టు చాటున తూర్పున కడతాయని పుస్తకాల్లో చదివాను, మన చెట్టు మీద కళ్ళారా చూడటం వేరే సంతోషం.

జూలై 14

వాగు దగ్గర కూడా మొదలయ్యాయి, ఆరు. ఇక్కడ గూళ్ళు చాలా కిందికున్నాయి. తుమ్మ కొమ్మలు నీళ్ళ మీదికి వాలి ఉండటంతో వా-3 అడుగు నీటికి 160 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది (ఒడ్డు నుంచి గుర్తులు వేసిన వెదురు కర్ర నిలబెట్టి, ఫోటో తీసి కొలిచా), ఎత్తుగా ఉన్నది కూడా 3 మీటర్లు దాటదు.

ఈతచెట్లు గీసే మామ అటుగా వచ్చాడు. ఈ పిట్టల గురించి ఆయనకు తెలిసినంత నాకు తెలియదు, రోజూ చెట్టెక్కే మనిషి. "అల్లుడూ, ఈసారి వాగు పెద్దగా రాదు. చూడు, గూళ్ళు కిందికి కట్టినయ్. వాగు వచ్చే ఏడు పైకి కడతయ్" అన్నాడు. ఊళ్ళో పెద్దవాళ్ళందరూ ఇదే మాట చెబుతారు. రాసుకున్నా, సీజను చివర్లో చూద్దాం.

ఆయన్ని ఒకటి అడిగాను: బావి మీది మూడు ఈతచెట్ల మట్టలు దీపావళి దాకా కొట్టకుండా ఉంటావా అని. కాసేపు ఆలోచించి రెండు చెట్లకు సరేనన్నాడు. మూడోది ఆయన బతుకుదెరువు, దాన్ని నేను మళ్ళీ అడగలేదు.

జూలై 21

నాలుగు రోజులుగా ముసురు. ఈ వారం పాత గూళ్ళతో చిన్న ప్రయోగం చేశా. పోయినేడు కింద రాలిన గూళ్ళు రెండు ఇంట్లో దాచి ఉంచాను. గుడ్ల గదిలో న్యూస్‌పేపర్ ముక్కలు మడిచిపెట్టి, ఒకటి ఈతచెట్టుకు తూర్పున, ఇంకోటి పడమట, పిట్టల గూళ్ళకు దూరంగా ఉన్న కొమ్మలకు కట్టాను. గాలి లేకుండా నిట్టనిలువుగా 42 మి.మీ. కురిసిన రోజు రెండు కాగితాలూ పొడిగానే ఉన్నాయి. ఆ పైకప్పు నేత అలాంటిది, నీళ్ళు పోగుల వెంబడి జారి కిందికి పోతున్నాయి. మర్నాడు కురిసింది 18 మి.మీ.లే, కానీ పడమటి గాలితో జల్లు అడ్డంగా కొట్టింది. పడమటి గూట్లో కాగితం ముద్దయింది, తూర్పుదాంట్లో అంచు మాత్రమే తడిసింది. అంటే ఎంత వాన పడిందనే అంకె ఒక్కటే చాలదు, ఏ గాలితో పడిందో కూడా రాయాలి. ఆ రోజు నుంచి నోటుబుక్కులో గాలి దిక్కుకు ఒక గడి గీశా.

తూర్పు గూట్లో ఉష్ణోగ్రత చూసే సెన్సర్ కూడా పెట్టాను, ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకు కలిపి, పవర్ బ్యాంక్ మీద. మొదట తేమ కూడా చూపిస్తుందని డీహెచ్‌టీ22 పెట్టా. ముసురు మొదలైన రెండో రోజుకే తేమ 99.9 దగ్గర అతుక్కుపోయింది, ఎండ వచ్చినా దిగలేదు. తీసేసి, స్టీలు గొట్టంలో సీలు చేసి వచ్చే డీఎస్18బీ20 పెట్టాను. తేమ లెక్క పోయింది, కానీ నమ్మకంగా పనిచేస్తోంది. ఎవరైనా వానాకాలంలో ఇలాంటి పని మొదలుపెడితే నేరుగా దీన్నే తీసుకోండి.

ఎండ రోజుల్లో గూటి లోపలి వేడి బయటి కంటే నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా దిగుతోంది, ఇది ఊహించిందే. ఊహించనిది వేరే ఉంది. గూడు బాగా నానిన తర్వాత గాలి వీస్తే లోపల బయటి కంటే దాదాపు ఒక డిగ్రీ చల్లగా ఉంది. తడి గుడ్డ చుట్టిన కుండలో నీళ్ళు చల్లబడినట్టే. ఖాళీ గూడు కాబట్టి తల్లి ఒంటి వేడి ఇందులో లేదు, అది గుర్తుంచుకోవాలి. కానీ తల్లి మేతకు బయటికెళ్ళిన ఆ పది నిమిషాలు లోపలి పిల్లలకు ఉండేది ఇదే. గుడ్డులోంచి వచ్చిన మొదటి రోజుల్లో ఈకలు ఉండవు, ఒంటి వేడిని నిలుపుకునే శక్తి ఉండదు. తల్లి పొదుగుతూ కూర్చుంటే మేత లేదు, మేతకు వెళ్తే చలి. ఆగకుండా వాన కురిస్తే ఆ తల్లికి ఎటూ తోచని పరిస్థితి.

ఆగస్టు 4

బా-1, బా-2లో పిల్లలున్నాయి. గొట్టంలోంచి లోపలికి ఏమీ కనపడదు కాబట్టి నేను పెట్టుకున్న గుర్తులు ఇవి: గొట్టం పూర్తయ్యాక ఆడది లోపలికెళ్ళి చాలాసేపు రాకపోతే పొదుగుతున్నట్టు, నోట్లో పురుగుతో వెళ్తే పిల్లలు వచ్చినట్టు. మేత తేవడం పద్నాలుగు రోజులు దాటి సాగినా, గొట్టం దగ్గర పిల్ల తల కనపడినా ఆ గూడు గెలిచినట్టు రాస్తున్నా. పొదగడం రెండు వారాలకు కాస్త అటూఇటూ, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు పైగా. నా లెక్కకు 31 రోజులు.

ఇవాళ రెండు గంటలు కూర్చుని బా-1కు మేత తేవడం లెక్కపెట్టా. వాన లేని మొదటి గంటలో 14 సార్లు, జల్లు మొదలైన రెండో గంటలో 5 సార్లు. పెద్దయ్యాక గింజలు తినే పిట్టే అయినా పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులే, మిడతలు, గొంగళ్ళు. వాన పడేటప్పుడు మిడత ఎగరదు, ఆకు కింద దాక్కుంటుంది, వెతకడానికి తల్లికి ఎక్కువ సేపు పడుతుంది. ఇక్కడే వాన రెండు రకాలుగా పనిచేస్తోంది. వాన పడితేనే గడ్డి, గడ్డి ఉంటేనే మిడతలు. అదే వాన రోజంతా ఆగకపోతే ఆ మిడతలు దొరకవు.

ఆగస్టు 11

గూళ్ళ లెక్క ఎలా వేయాలో చదివాను. గెలిచిన గూళ్ళను మొత్తం గూళ్ళతో భాగిస్తే సరిపోతుందనుకున్నా. అది మోసం చేస్తుందట. మనం చూడకముందే పాడైపోయిన గూళ్ళు మన పుస్తకంలోకి ఎక్కవు కాబట్టి గెలుపు ఉన్నదానికంటే ఎక్కువ కనపడుతుంది. 1961లో హెరాల్డ్ మేఫీల్డ్ అనే ఆయన ఒక పద్ధతి చెప్పాడు: ఒక్కో గూడు మన కళ్ళ ముందు ఎన్ని రోజులు బతికి ఉందో కలపండి, పోయిన గూళ్ళ సంఖ్యను ఆ రోజులతో భాగించండి, ఒక రోజుకు ఉన్న ముప్పు వస్తుంది. రోజుకు బతికే అవకాశం 0.99 అయితే 31 రోజులు దాటేది 73 శాతం గూళ్ళు. 0.98 అయితే 53 శాతం. రోజుకు ఒక్క శాతం తేడా! ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూశాను. ఒక గంట ఎక్కువ వాన, ఒక గాలి జల్లు, మనకు ఏమీ అనిపించని తేడాలు నెల తిరిగేసరికి ఎంతవుతాయో.

ఆగస్టు 18

బా-1, బా-2, బా-4 పిల్లలు ఎగిరిపోయాయి. బా-4 పిల్ల గొట్టం చివర పట్టుకుని చాలాసేపు వేలాడి, చివరికి ఈతమట్ట మీదికి దూకింది. నా పక్కన కూర్చున్న తమ్ముడు అరిచినంత పని చేశాడు.

బా-3 పోయింది. జెర్రిపోతు. మట్ట వెంబడి పాకి వచ్చి గొట్టంలో తల పెట్టింది, బయట పిట్టలన్నీ గోల. లేచి వెళ్ళి తరిమేద్దామనిపించింది. వెళ్ళలేదు. పాముకూ ఆకలే. కానీ ఆ పది నిమిషాలు చాలా కష్టంగా గడిచాయి. బావి దగ్గరి ఈతచెట్ల మొదలు గట్టు మీద ఉంటుంది, అక్కడి నుంచి ఎక్కితే మట్ట దాకా రాగలదు. వాగు మీద తుమ్మ కొమ్మలు సన్నగా నీళ్ళ మీదికి సాగి ఉంటాయి, ఇప్పటిదాకా అక్కడ ఒక్క గూడు కూడా పోలేదు. నీళ్ళ మీద ఎందుకు కడతాయో ఇవాళ బాగా అర్థమైంది.

ఆగస్టు 30

పుబ్బ కార్తె. ఇప్పటిదాకా లెక్క: బావి దగ్గర 14 మొదలయ్యాయి, 8 పూర్తయ్యాయి. ఆ 8లో 4 గెలిచాయి, 1 పోయింది, 3 నడుస్తున్నాయి. వాగు దగ్గర 15 మొదలయ్యాయి, 9 పూర్తి, 3 గెలిచాయి, ఒక్కటీ పోలేదు, 6 నడుస్తున్నాయి. ఆ ఆరింట్లో కనీసం నాలుగింట్లో పిల్లలున్నాయి. ఈ రోజు ఎవరైనా ఏ చోటు మంచిదని అడిగితే ఆలోచించకుండా వాగు అనేవాణ్ని.

బంగాళాఖాతంలో వాయుగుండం అంటున్నారు. పవర్ బ్యాంక్ తీసి ఇంటికి తెచ్చుకున్నా.

సెప్టెంబరు 3

ఆదివారం, 1వ తేదీ, మున్నేరు ఖమ్మంలోకి వచ్చేసింది. చుట్టుపక్కల కాలనీలు మునిగాయి, జనం మిద్దెల మీద గడిపారు. మా వీధి ఎత్తులో ఉంది కాబట్టి బతికిపోయాం, రెండు రోజులు తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో బురద ఎత్తాం. ఊరికి దారి తెగిపోయింది. ఫోన్లో తమ్ముడు ఇంటి సంగతి, పశువుల సంగతి, చేల సంగతి చెప్పాడు. జనం ఇళ్ళు మునిగిన రోజు గూళ్ళ గురించి అడగడానికి నోరు రాలేదు. వాడే చివర్లో మెల్లగా అన్నాడు: "అన్నా, వాగు తుమ్మ సగం మునిగింది."

ఇవాళ చుట్టు దారిన వెళ్ళగలిగా. తుమ్మచెట్టు నిలబడే ఉంది, ఒక పెద్ద కొమ్మ లేదు. దాంతో రెండు గూళ్ళు పోయాయి. మిగతా నాలుగు కొమ్మలకే ఉన్నాయి, కానీ వాటి మీద చెత్త, గడ్డి వేలాడుతోంది, గూళ్ళు మట్టి రంగులో ఉన్నాయి. నీళ్ళు వాటి పైదాకా వచ్చి వెళ్ళాయి. వా-3 ఒడ్డు మీద పడి ఉంది, పోగులు ఒక్కటి కూడా ఊడలేదు, నేత చెక్కుచెదరలేదు. లోపల ఒండ్రు మట్టి. అందులో మూడు పిల్లలు, ఈకలు అప్పుడే తొడుగుతున్నవి. పక్కనే గుంట తీసి పెట్టాను. ఒక ఆడ పిట్ట కొమ్మ మీద కూర్చుని ఎగిరి, గూడు ఉండాల్సిన చోటికి వచ్చి, మళ్ళీ కొమ్మ మీదికి వెళ్తోంది. అది వా-3 తల్లో కాదో నేను చెప్పలేను.

వాగు మీది ఆరుకు ఆరూ పోయాయి. పాము రాలేని చోటుకే నీళ్ళు వచ్చాయి.

బావి దగ్గరికి వెళ్తే మూడు గూళ్ళూ అలాగే ఉన్నాయి. బావి అంచులదాకా నిండింది, కానీ పొర్లలేదు. రెండింటికి తల్లులు మేత తెస్తున్నాయి. బా-7 దగ్గర గంటన్నర కూర్చున్నా, ఎవరూ రాలేదు. ఆ మూడింట్లో అన్నిటికంటే చిన్న పిల్లలు దాంట్లోనే ఉన్నాయి, నాలుగైదు రోజులవి. రెండు పగళ్ళు రెండు రాత్రులు ఎడతెగని వాన. చలికే పోయి ఉంటాయని నా అనుమానం.

ఇంకో బాధ. నా వాన డబ్బా నిండి పొర్లింది. ఐదు లీటర్లకు సరిపోయేది 159 మి.మీ.లే. ఒక రోజులో 204.5 మి.మీ. దాటితే అత్యంత భారీ వర్షం అని వాతావరణ శాఖ అంటుంది, ఆ అంకె తెలిసి కూడా నా పొలంలో అంత పడుతుందని అనుకోలేదు. ఈ సీజనంతటికీ ముఖ్యమైన ఒక్క కొలత నా దగ్గర లేదు. నోటుబుక్కులో "159 కంటే ఎక్కువ" అని రాశా.

మామ కలిశాడు. ఆయన గుడిసె గోడ ఒకవైపు కూలింది. గూళ్ళు కిందికి కడితే వాగు రాదన్న మాట నేను ఎత్తలేదు. ఆయనే అన్నాడు: "వాటికి కూడా తెలువలే అల్లుడూ."

సెప్టెంబరు 15

అనుకోలేదు, బావి మీద మళ్ళీ కడుతున్నాయి. ఐదు కొత్తవి మొదలయ్యాయి, రెండు అప్పుడే హెల్మెట్ దాటాయి. నీళ్ళు తీసిన మళ్ళలో బతికిన వరి పచ్చగా ఉంది, గట్ల మీద గడ్డి ఒత్తుగా ఉంది, పోగులకు కొదవ లేదు. వాగు దగ్గరి మగ పిట్టలు ఇటు వచ్చాయా, ఇవి ఇక్కడివేనా అన్నది కాళ్ళకు రంగు రింగులు వేస్తే తప్ప తెలియదు. దానికి అనుమతులు కావాలి, శిక్షణ కావాలి, నేను చేసే పని కాదు. తుమ్మచెట్టు మీద మాత్రం ఒక్క పోగు లేదు.

బా-5, బా-6 పిల్లలు ఎగిరిపోయాయి. ఆ వానను గూట్లో దాటిన పిల్లలు ఇవి! రెండు గూళ్ళూ చెట్టుకు తూర్పున, మట్టల చాటున ఉన్నవే. బా-7 కూడా తూర్పునే ఉంది, కానీ అంచున, పైన మట్ట అడ్డం లేని చోట. మూడు గూళ్ళతో ఏదీ తేల్చలేం, రాసి మాత్రం పెట్టా.

అక్టోబరు 20

చివరి గూడు ఖాళీ అయింది. వరద తర్వాత కట్టిన ఐదింట్లో నాలుగు పూర్తయ్యాయి, మూడు గెలిచాయి, ఒకటి గాలికి మట్టతో సహా బావిలో పడింది.

మొత్తం 34 మొదలైతే 21 పూర్తయ్యాయి, 12 గెలిచాయి. బావిలో 12కు 9, వాగులో 9కి 3. మేఫీల్డ్ లెక్క కూడా వేశా. బావి గూళ్ళు కలిపి 318 రోజులు, 3 పోయాయి, అంటే 31 రోజులు దాటే అవకాశం సుమారు 75 శాతం. వాగు గూళ్ళు 183 రోజులు, 6 పోయాయి, 36 శాతం దగ్గర తేలింది.

కానీ ఈ 36 దగ్గర నాకు మనసు ఒప్పట్లేదు. ఆ పద్ధతి ముప్పు రోజూ ఒకేలా ఉంటుందని అనుకుంటుంది. పాము విషయంలో అది దాదాపు నిజం, ఏ రోజైనా రావచ్చు. వాగు గూళ్ళకు జూలై నుంచి ఆగస్టు 30 దాకా ముప్పు సున్నా, ఒక్క రాత్రికి మొత్తానికి మొత్తం. ఆ రాత్రిని 183 రోజుల మీద పరిచి రోజుకు ఇంత అని చెబితే జరిగింది కనపడకుండా పోతుంది. వాన మొత్తం ఇంత, సగటు ఇంత అని సీజను చివర్లో చెప్పే అంకెలకూ ఇదే తంటా. నా డబ్బా లెక్కలో జూన్ మధ్యలో రెండు వారాల ఎండు, ఆగస్టు చివర్లో ఒకటిన్నర రోజు కుంభవృష్టి. రెండూ కలిపి భాగిస్తే మంచి వానాకాలమే కనపడుతుంది. మొదటిది గూళ్ళను రెండు వారాలు ఆపింది. అలా ఆగకపోతే వాగు మీది ఆరింట్లో కొన్నైనా ఆగస్టు 31కి ముందే ఎగిరిపోయేవి. ఈ రెండింటినీ ముడిపెట్టి చూసింది నిన్న రాత్రే, తారీఖులన్నీ ఒక పొడుగు కాగితం మీద వరసగా గీసినప్పుడు. పిల్లల్ని ముంచింది వరద, కానీ వాటిని ఆ తారీఖుకు గూట్లోనే ఉంచింది జూన్ నాటి ఎండు.

ఒక్క ఏడాది చూసి వాతావరణం మారిందని నేను చెప్పను, చెప్పకూడదు. కానీ మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వర్షాలు 1950 నుంచి 2015కు మూడింతలయ్యాయని 2017లో వచ్చిన పరిశోధన చెబుతోంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది, కురిసినప్పుడు ఒక్కసారిగా కురుస్తుంది. గిజిగాడు వాన కోసం ఆగడం నేర్చుకున్న పిట్ట, పామును తప్పించుకోవడం నేర్చుకున్న పిట్ట. వాగు ఒక్క రాత్రిలో మూడు మీటర్లు లేస్తుందని దానికి చెప్పే గుర్తు ఏదీ గడ్డిలో లేదు, మేఘంలో లేదు.

వచ్చే ఏడుకు మార్పులు: 15 లీటర్ల డబ్బా. వాగు కల్వర్టు గోడ మీద పెయింటుతో నీటిమట్టం గీతలు. ప్రతి గూటి ఎత్తు మొదటి రోజే కొలవాలి. ఊళ్ళో ఇంకో ఇద్దరు పిల్లలు చూస్తామన్నారు, వాళ్ళకు చెరువు కట్ట ఈతచెట్లు అప్పగిస్తున్నా.

జూన్ 29, 2025

వాగు తుమ్మ లేదు. వరదకు వేళ్ళు తేలిన చెట్టు ఎండాకాలంలో ఒరిగిపోయింది, ఎవరో కట్టెలకు కొట్టుకెళ్ళారు. పక్కనున్న ఈత కూడా లేదు.

బావి మీద ఇంకా ఏమీ మొదలుకాలేదు, పసుపు తలలు మాత్రం తిరుగుతున్నాయి. వెనక్కి వస్తూ వాగు దాటేచోట బండి ఆపా. అవతలి మోటారుకు వెళ్ళే కరెంటు వైరు వాగుకు అడ్డంగా ఉంటుంది, దాని మీద నడుమన మూడు చోట్ల పచ్చి పోగులు చుట్టి ఉన్నాయి. ఒకటి రింగు దాకా వచ్చింది. వెదురు కర్ర నిలబెట్టి ఫోటో తీసి కొలిచాను: నీటికి 5 మీటర్ల 20. మామకు ఫోన్ చేసి చెప్పా. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "రేపు పొద్దున్నే వస్తా, చూద్దాం" అన్నాడు.